తాళం వేసిన ఇల్లును కూడా రాసుకో, బిడ్డా

దేవరకొండ

చిరంజీవి సుజాతకు పెద్దనాయిన ఆశీస్సులు.

ట్రకోమా (రెప్పల లోపల గింజలు లేపే అంటురోగం) సర్వే టీమ్‌తో కార్ నికోబార్ పోతున్నవని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. కంటి రెప్ప తిప్పి చూసుడు నీకు చేతనైన పనే. దాని గురించి తక్కువ రాస్త. నూటికి ఇంతమందికి రోగం ఉంది అనే లెక్కలో రెండు అంకెలు ఉంటయి. పైన లవం, కింద హారం. లవం గురించి డాక్టర్లు అందరూ జాగ్రత్త పడతరు. హారాన్ని మాత్రం ఫారాలు నింపే పిల్లల మీద వదిలేస్తరు. సర్వేలు చెడేది ఎక్కువగా అక్కడనే.

ఆ దీవి సంగతి నీకు తెలిసే ఉంటది. 2010లో ఢిల్లీ ఎయిమ్స్ కంటి సెంటర్ వాళ్లు చూస్తే పిల్లల్లో సగం మందికి పైగా రెప్పల లోపల ట్రకోమా కనిపించింది. ఏడాదికి ఒకసారి చొప్పున మూడేండ్లు దీవి మొత్తానికి అజిత్రోమైసిన్ మింగించినంక అది 7 శాతం లోపుకు దిగింది. 2024 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేదని ఒప్పుకుంది. వాళ్ల గీత ఎక్కడంటే, 1 నుంచి 9 ఏండ్ల పిల్లల్లో టీఎఫ్, అంటే పై రెప్ప లోపల గింజలు లేచిన ట్రకోమా, 5 శాతం లోపు ఉండాలె. రోగం సగం మందికి ఉన్న చోట నీ లెక్క మూడు నాలుగు శాతం అటూ ఇటూ అయినా నిర్ణయం మారదు. గీత దగ్గర ఉన్న ఊర్లో ఒక్క శాతం తప్పితే చాలు, దీవి మొత్తం మందు మింగాలె, లేకుంటే మింగాల్సినోళ్లు మానేస్తరు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందుగా ఎంతమందిని చూడాలెనో. నూటికి 10 మందికి ఉంటదనుకొని, 3 అటూ ఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో లెక్క వేస్తే 384 మంది పిల్లలు వస్తరు. కానీ అది పిల్లలను జిల్లా అంతటి నుంచి చిట్టీలు తీసి విడివిడిగా పిలిస్తే సరిపోయే లెక్క. మనం ఊరికి పోయి ఒక్క చోట ముప్పై ఇండ్లు చూస్తం. మర్రిగూడలో ఒక్క బోరు నీళ్లు పది ఇండ్ల కాడ పట్టి పరీక్ష చేస్తే పది ఫ్లోరైడ్ లెక్కలు వచ్చినట్టా? ఒక్కటే వచ్చినట్టు. ట్రకోమా కూడా అంతే, ఒకే చాప మీద పండే పిల్లల్లో గుంపుగా ఉంటది. దానికోసం 384ను 2.65తో గుణిస్తరు, 1,018 అయితది. దొరకని పిల్లల కోసం ఇంకో అయిదో వంతు కలిపితే 1,222. సర్వే పుస్తకాల్లో కనిపించే అంకె ఇదే.

ఆ అంకె లక్ష నుంచి రెండున్నర లక్షల జనం ఉన్న జిల్లాకు. కార్ నికోబార్‌లో 2011 జనాభా లెక్కల్లో ఉన్నదే సుమారు 17,800 మంది. అందులో 1 నుంచి 9 ఏండ్ల పిల్లలు 2,700 అనుకో. ఇంత చిన్న గుంపులో 1,018 మందిని చూస్తే మూడో వంతు పైన చూసినట్టే, కాబట్టి లెక్కను దించుకోవచ్చు. 1,018ని 2,700తో భాగించి ఒకటి కలిపితే 1.38, ఆ 1.38తో 1,018ని భాగిస్తే సుమారు 740, దొరకనోళ్లతో కలిపి 890 దాకా. ఇంటికి అయిదుగురు ఉంటే ఒక్కో ఇంటికి ముప్పావు పిల్ల వస్తది, అంటే 1,190 ఇండ్లు. ఒక టీమ్ రోజుకు 30 ఇండ్లు చేస్తది. అంతకంటే ఎక్కువ చేస్తున్నమని ఎవరన్నా చెప్తే ఆ ఫారాలు ఒకసారి చూడు. ముప్పై ఇండ్లకు ఒక గుంపు అనుకుంటే నలభై గుంపులు, రెండు టీములైతే ఇరవై రోజుల పని. చౌరా లాంటి చిన్న దీవికి పోతే మాత్రం ఈ చిట్టీల లెక్కలన్నీ పక్కన పెట్టి ఉన్న పిల్లలందరినీ చూసుడే మంచిది. లెక్క తప్పే దారే మూసుకపోతది.

ఊర్లు ఎంచుకునే పద్ధతి: ఊర్ల పేర్లు వరుసగా రాసి, జనాభాను కింద కింద కలుపుకుంట పో. మొత్తం 17,800ను 40తో భాగిస్తే 445. జేబులో నుంచి ఒక నోటు తీసి చివరి మూడు అంకెలు చూడు. 445 దాటితే ఇంకో నోటు. 212 వచ్చిందనుకో, కలుపుకుంట వచ్చిన జనాభాలో 212 ఏ ఊర్లో పడితే ఆడ మొదటి గుంపు, తర్వాత 657, 1,102, అట్ల. పెద్ద ఊరికి రెండు మూడు గుంపులు వస్తయి, చిన్న ఊరికి ఒకటి వస్తది, కొన్నిటికి రాదు. జీపు పోయే ఊరు, గెస్ట్ హౌస్ పక్క ఊరు అని మార్చొద్దు. ఆసుపత్రికి దూరంగా, నీళ్లకు దూరంగా ఉన్న ఊరే ఈ రోగానికి ఇల్లు, జీపు పోని ఊరు కూడా ఎక్కువసార్లు అదే అయితది.

ఊర్లో దిగినంక పెన్ను గిరగిర తిప్పి అది చూపిన దిక్కుకు పోయే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని నమ్మొద్దు. ఊరి నడుమ ఇండ్లే ఎక్కువ వస్తయి, అంచు ఇండ్లు మిగిలిపోతయి. ఊరి కెప్టెన్‌ను కూర్చోబెట్టుకొని కాగితం మీద ఊరు గీయించు. మన దగ్గర సర్పంచ్ ఎట్లనో ఆడ కెప్టెన్ అట్ల. గీసిన బొమ్మను ముప్పై ఇండ్ల ముక్కలుగా విడగొట్టి చిట్టీ తియ్యి, వచ్చిన ముక్కలో ఒక్క ఇల్లు విడవకుండ చెయ్యి. ఇల్లు అంటే ఏందో పోయే ముందే టీమ్ అంతా ఒక్క మాట అనుకోవాలె. ఆడ తుహెత్ అని పెద్ద ఉమ్మడి కుటుంబాలు ఉంటయి. ఒక గ్రేడర్ (రెప్ప చూసి రోగం ఉందో లేదో తేల్చేటోళ్లు) తుహెత్‌ను ఒక ఇల్లు అని, ఇంకో గ్రేడర్ నాలుగు ఇండ్లు అని రాస్తే రెండు టీముల లెక్కలు కలవవు. ఒక్క పొయ్యి మీద వండుకొని తినేటోళ్లు ఒక ఇల్లు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. తాళం వేసిన ఇల్లు కనిపించంగనే పక్క ఇంటికి పోయి ముప్పై నింపుడు అందరూ చేసే తప్పు. ముప్పై నింపుడు ముఖ్యం కాదు, చిట్టీలో వచ్చిన ముప్పై ఇండ్లకు ఏమైందో చెప్పుడు ముఖ్యం. ప్రతి మనిషి పేరు పక్కన ఈ నాలుగింటిలో ఒకటి ఉండాలె: చూసినం, ఇంట్లో లేరు, ఒద్దన్నరు, చూడలేని స్థితిలో ఉన్నరు. చూసినా చూడకపోయినా ఆ ఇంటి పిల్లల పేర్లు, వయసులు పక్కింటోళ్లను అడిగైనా రాసుకో. సాయంత్రం ఒకసారి, ఊరు విడిచే ముందు ఒకసారి, మళ్లా పోయి తలుపు కొట్టు.

ఎవరు ఊరోళ్లు, ఎవరు కాదు అన్నది కూడా ముందే తేల్చుకో. పాలమూరు లేబర్ సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. రేషన్ కార్డులో ఆరుగురు, ఇంట్లో ముసలామె ఒక్కతే, మిగిలినోళ్లు ముంబైలో. గత ఏడాదిలో ఆరు నెలలు ఆ పొయ్యి మీద తిన్నోళ్లే ఆ ఇంటోళ్లు అని పెట్టుకో. చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల రెప్పలో ఎన్ని గింజలు ఉన్నా లెక్కలోకి రాదు. మందు ఇయ్యి, ఫారంలో మాత్రం రాయొద్దు.

బడి పిల్లల తోటి జరిగే మోసం అన్నిటికంటే పెద్దది. పొద్దున పది గంటలకు ఊర్లోకి పోతే 1 నుంచి 4 ఏండ్లోళ్లు తల్లుల దగ్గర ఉంటరు, 5 నుంచి 9 ఏండ్లోళ్లు బడిలో ఉంటరు. ఈ రోగం చిన్నపిల్లల్లోనే ఎక్కువ. 300 మంది చిన్నోళ్లను చూసినవు, 8 శాతం చొప్పున 24 మందికి ఉంది. 100 మంది పెద్దోళ్లను చూసినవు, 2 శాతం, ఇద్దరికి ఉంది. 400లో 26 అంటే 6.5 శాతం, గీత దాటింది, దీవి మొత్తానికి మందు. కానీ ఊర్లో నిజంగ ఉన్న వయసుల ప్రకారం, ఏడాదికి ఒక వంతు అనుకొని, నాలుగు వంతులు చిన్నోళ్లకు, అయిదు వంతులు పెద్దోళ్లకు ఇచ్చి కలిపితే 4.7 వస్తది. గీత కింద. ఏ పిల్ల రెప్పనూ తప్పుగా చూడలేదు, చూసిన టైమే తప్పు. వయసును ఏడాది ఏడాదికి విడిగా రాసి, జనాభా లెక్కల వయసుల ప్రకారం సరిచేసి, గుంపు గుంపుకు శాతం తీసి, ఆ శాతాల సగటు చెప్పాలె. అట్లని సరిచెయ్యొచ్చు గదా అని బడి పిల్లలను వదలొద్దు, వంద మంది నుంచి వచ్చే 2 శాతం గట్టి అంకె కాదు. బడి విడిచినంక మళ్లా ఇంటికి పో. బడికే పోయి అక్కడ చూస్తమంటే ఒప్పుకోకు, బడికి రాని పిల్లల మొహాలే ఎక్కువ మురికిగ ఉంటయి.

రెప్ప చూసేటప్పుడు 2.5 రెట్లు పెద్దగ చూపే లూప్ (కండ్లకు పెట్టుకునే భూతద్దం) పెట్టుకో, ఎండ వెలుతురు లేకుంటే టార్చి. చంటోళ్లను తల్లి ఒడిలో పండబెట్టి, తల నీ మోకాళ్ల నడుమ పట్టుకో. ముందు వెంట్రుకలు గుడ్డుకు తగులుతున్నయా చూడు, ఆ తర్వాతనే రెప్ప తిప్పు. తిప్పినంక వెంట్రుకలు ఎటు ఉండెనో తెల్వదు. పై రెప్ప నడుమ భాగంలో సగ్గుబియ్యం గింజల లాంటి తెల్లని ఉబ్బులు, ఒక్కోటి అర మిల్లీమీటరు లేదా ఆ పైన, అయిదు లేదా ఆ పైన ఉంటేనే టీఎఫ్. మూలల్లో, అంచుల్లో ఉన్నయి లెక్క కాదు. నాలుగు ఉంటే నాలుగే, జాలిపడి అయిదు చెయ్యొద్దు. గ్రేడింగ్ కార్డు మీద అర మిల్లీమీటరు చుక్కలు ఉంటయి, పొద్దున మొదలుపెట్టే ముందు రోజూ ఒకసారి వాటిని చూడు, లేకుంటే వారం తిరిగేసరికి నీ కన్ను చిన్న గింజలను కూడా ఒప్పుకుంటది. దురద కండ్ల పిల్లలకు రాళ్లు పరిచినట్టు పెద్ద ఉబ్బులు ఉంటయి, అది అలర్జీ, వేరే రోగం. పిల్లకూ పిల్లకూ నడుమ చేతులకు స్పిరిట్ రుద్దుకో, రోగాన్ని నువ్వే ఇంటింటికి పంచినట్టు కావద్దు. టీఎఫ్ ఉన్నోళ్లకు 1 శాతం టెట్రాసైక్లిన్ మలాం, రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు.

పోయే ముందు గ్రేడర్లకు 50 మంది పిల్లల మీద పరీక్ష పెడతరు, శిక్షకుని తోటి కప్పా (ఇద్దరి తీర్పులు ఎంత కలుస్తయో చెప్పే అంకె) 0.7 రావాలె. ఆ యాభై మందిలో రోగం ఉన్నోళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటే కప్పాకు అర్థం లేదు, ఒక్క పిల్ల దగ్గర తేడా వస్తేనే కింద పడతది. రోగం ఉన్న పిల్లలు తగినంత మంది ఉండేటట్టు చూసుకోమని గట్టిగ అడుగు.

పెద్దోళ్ల సంగతి వేరే. 15 ఏండ్లు నిండినోళ్లలో ఈ రోగం ముదిరి రెప్ప వెంట్రుకలు లోపలికి మళ్లినోళ్లు, అదీ ఆరోగ్య శాఖకు తెల్వనోళ్లు, 0.2 శాతం లోపు ఉండాలె. వెయ్యికి ఇద్దరు. రెండు వేల మందిని చూస్తే గీత మీద ఉన్న చోట నలుగురు దొరుకుతరు, ఆ నలుగురిలో ఒక్కరు ఆ రోజు కొబ్బరితోటకు పోతే నీ లెక్క నాలుగో వంతు పోయినట్టే. చిన్న దీవిలో శాతం కోసం తిప్పలు పడే కంటే ఇల్లిల్లు తిరిగి పేర్ల పట్టీ తయారుచేసుడు నయం. ముసలమ్మల దగ్గర ఓపిక పట్టు, పిల్లలను సాకినోళ్లకే ఈ బాధ ఎక్కువ. చిమ్టాతో వెంట్రుకలు పీక్కుంటరు, రెప్ప శుభ్రంగ కనిపిస్తది, కానీ అది కూడా రోగం కిందనే లెక్క. "వెంట్రుకలు పీక్కుంటవా అమ్మా" అని అడగకపోతే తెల్వదు. ఆపరేషన్ చేపించుకోమని ఎవరన్నా చెప్పిన్రా, చెప్తే ఒద్దన్నదా, అదీ రాయి. తెలిసినోళ్లకూ తెల్వనోళ్లకూ తేడా ఆ ఒక్క ప్రశ్నతోటే వస్తది.

దీవుల్లో ఇంకో చిక్కు ఉంది. పసిఫిక్‌లో సోలమన్ దీవుల వాళ్లు కొన్ని చోట్ల చూస్తే పిల్లల్లో నూటికి పాతిక మందికి టీఎఫ్ ఉంది, దూది పుల్లతో తీసి పరీక్ష చేస్తే ట్రకోమా తెచ్చే క్రిమి క్లామిడియా నూటికి ఒకరికి కొంచెం పైన. అదే సముద్రంలో కిరిబాటిలో మాత్రం గింజలూ, క్రిమీ రెండూ ఉన్నయి. కాబట్టి టీఎఫ్ ఎక్కువ రాంగనే ట్రకోమా అని గంతెయ్యొద్దు. చల్లగ దాచి పంపే వసతి ఉంటే కొంతమందికి స్వాబ్ తీయమని మీ పెద్దసారును అడుగు.

దారి గురించి: ట్రైబల్ పాస్ లేకుండ నికోబార్‌లో దిగనియ్యరు, 1956 నుంచి ఉన్న చట్టం అది. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి ఓడ అనుకున్న రోజు పోకపోవచ్చు, వానకాలంలో అసలే నమ్మొద్దు, నాలుగు రోజులు చేతిలో ఉంచుకో. ఆదివారం చర్చి ఉంటది, ఆ పూట తలుపులు కొట్టకు. ఫోన్లలో ఫారం నింపినా కాగితం ఫారాలు రెండు వందలు వెంట పెట్టుకో, ఒక్కో టీమ్‌కు రెండు పవర్ బ్యాంకులు, లూప్ ఇంకోటి అదనంగ. ఉప్పుగాలికి టార్చి స్ప్రింగులు త్రుప్పు పడతయి.

బయలుదేరే ముందు నాలుగు రోజులు ఇక్కడికి రా. చందంపేట తండాలల్లో ట్రకోమా దొరకకపోవచ్చు గానీ తాళాలు మస్తుగ దొరుకుతయి. ఒక తండా బొమ్మ గీసి, ముక్కలు చేసి, ముప్పై ఇండ్లకు ఫారాలు నింపి చూద్దాం. గ్రేడింగ్ కార్డు తెచ్చుకో.

మీ పెద్దనాయిన