హ్యామ్‌స్ట్రంగ్ అంటే?

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి భద్రతామండలి వీటో వల్ల 'హ్యామ్‌స్ట్రంగ్' అయిందని ఇంగ్లిష్ పేపర్లో చదివాను. క్రికెటర్లకు అయ్యే హ్యామ్‌స్ట్రింగ్ గాయానికీ దీనికీ సంబంధం ఉందా? హ్యాంపర్డ్ అన్నా ఇదే అర్థమా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉందండీ, దగ్గరి సంబంధమే. పాత ఇంగ్లిష్‌లో హ్యామ్ అంటే మోకాలి వెనక భాగం. మోకాలు మడిచి అక్కడ చెయ్యి పెట్టి చూడండి, రెండు పక్కలా తాళ్లలా గట్టిగా తగులుతాయి, అవే హ్యామ్‌స్ట్రింగ్స్. ఇప్పుడు తొడ వెనక కండరాలనూ అదే పేరుతో పిలుస్తున్నారు, ఫాస్ట్ బౌలర్లు తరచూ పట్టుకుని కుంటేది అక్కడే. వెనకటి యుద్ధాల్లో శత్రువు గుర్రాలు మళ్లీ రథానికి పనికిరాకుండా వెనక కాలి నరం కోసేసేవారు. బైబిల్లో యెహోషువ గ్రంథం 11వ అధ్యాయంలో ఈ ప్రస్తావన ఉంది. గుర్రం చావదు, ఒంట్లో బలం అలాగే ఉంటుంది, పరుగు మాత్రం పోతుంది. ఆ కోయడాన్నే హ్యామ్‌స్ట్రింగ్ చెయ్యడం అన్నారు, 17వ శతాబ్దం నుంచీ వాడుకలో ఉన్న క్రియ ఇది, దాని భూతకాల రూపమే హ్యామ్‌స్ట్రంగ్.

అందుకే శక్తీ అధికారమూ ఉండి కూడా వాడుకోలేని స్థితికి ఈ మాట అంత బాగా నప్పుతుంది. భద్రతామండలిలో 15 దేశాలుంటాయి, ముఖ్యమైన తీర్మానానికి 14 సరేనన్నా 5 శాశ్వత సభ్యదేశాల్లో ఒక్కటి వద్దంటే అది అక్కడితో ఆగిపోతుంది. మన భాషలో కాళ్లూ చేతులూ కట్టేసినట్టయింది అంటాం చూడండి, అదే. ముందరికాళ్లకు బంధం అని కొందరు అనువదిస్తారు గానీ నాకది సరిపోదనిపిస్తుంది, ఎందుకంటే ఆ బంధం ఎవరో కావాలని ముందే వేసేది, హ్యామ్‌స్ట్రంగ్ కావడానికి ఎవరి కుట్రా అక్కర్లేదు, నిధుల్లేకపోయినా స్టాఫ్ లేకపోయినా చాలు.

ఇక హ్యాంపర్డ్ కాస్త తేలిక మాట. వానల వల్ల సహాయక చర్యలకు ఆటంకం కలిగిందంటే హ్యాంపర్డ్ చాలు, పడవలు తిరుగుతూనే ఉంటాయి, పని నెమ్మదిస్తుంది, అంతే. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆఫీసుకు లేటయితే ఈ రెండూ వద్దు, హెల్డ్ అప్ అనండి. బౌలర్‌కు గాయమైతే హ్యామ్‌స్ట్రింగ్ ఇంజరీ అనే రాయాలి, 'బౌలర్ హ్యామ్‌స్ట్రంగ్' అని రాస్తే ఎవరో కత్తితో కోశారన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది.