తెలుగు మెయిల్ పిచ్చి గుర్తులుగా కనిపిస్తే

మీ అక్కగారి తెలుగు మెయిల్ థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో పిచ్చి గుర్తులుగా కనిపిస్తోందన్నారు కదండీ. టెన్షన్ పడకండి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న 'ఎ', దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదే పదే వస్తుంటే, అది దాదాపు ఖచ్చితంగా యూటీఎఫ్-8 (అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా దాచుకునే ఒక పద్ధతి) తెలుగే. అందులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. మెయిల్ హెడర్‌లో (మెయిల్ వివరాలుండే పై భాగంలో) చార్‌సెట్, అంటే అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే పేరు, లేకపోయినా, తప్పుగా ఉన్నా, ప్రోగ్రాం ఆ మూడింటినీ విడివిడిగా పశ్చిమ యూరప్ అక్షరాలనుకుని చదివేస్తుంది. వ్యూ మెనూలో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' నొక్కి చూడండి.

సరికాకముందే ఫార్వర్డ్ మాత్రం చేయకండి, ఆ తప్పే కొత్త మెయిల్లోకి ఎక్కేస్తుంది. అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే అసలు బైట్లు దారిలోనే పోయినట్టు. అప్పుడు అక్కగారిని మళ్ళీ పంపమనడమే.