ల్యాబ్‌లో మ్యాప్ వస్తుంది, సొంత డేటాతో రాదు: జీఐఎస్ ఎలా నేర్చుకోవాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ: జీఐఎస్ (స్థలాల డేటాను పటాలుగా మలిచి విశ్లేషించే విద్య) పేపరు తీసుకున్నారు, ల్యాబ్ మాన్యువల్ పక్కన పెట్టుకుని చేస్తే మ్యాప్ చక్కగా వస్తుంది, మాన్యువల్ మూసి సొంత డేటా పెడితే లేయర్లు, అంటే పటంలోని పొరలు, ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ప్రోగ్రామింగ్ రాకపోవడం వల్లేనా అని అడిగారు. కాదు. నేను కోడ్ ఒక్క లైను రాయకుండానే ఆ పేపరు గట్టెక్కాను. మధ్యలో నన్ను ముంచింది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును పటం మీదికి దించే పద్ధతి.

రెండో వారం ల్యాబ్‌లో బావుల చుట్టూ 500 మీటర్ల బఫర్ (అంత దూరం వరకూ పరుచుకునే వలయం) గీయమన్నారు. పెట్టెలో 500 కొట్టి రన్ నొక్కాను. స్క్రీన్ అంతా ఒకే రంగు. జూమ్ అవుట్ చేస్తూ పోతే ఆ వృత్తం నడుమ ప్రపంచ పటం చిన్న ముక్కలా కనబడింది. నా బావుల లేయరు అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, దాని యూనిట్ డిగ్రీ. అంటే నేను అడిగింది 500 డిగ్రీల బఫర్. భూమి చుట్టూ తిరిగొస్తేనే 360! సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, పెట్టె పక్కన చిన్నగా డిగ్రీలు అని రాసే ఉంది.

దాన్ని సరిదిద్దబోయి ఇంకో గోతిలో పడ్డాను. మీ లేయర్లు కూర్చోకపోవడానికీ బహుశా ఇదే కారణం, అందుకే కాస్త వివరంగా చెప్తాను. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌ఎస్‌ను (లేయర్‌లోని అంకెల్ని ఏ కొలతల పద్ధతిలో చదవాలో చెప్పేది) యూటీఎం అని, అంటే మీటర్లలో కొలిచే పద్ధతికి, మార్చేశాను. బావులు మాయం. ఉచితంగా దొరికే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్' వేరు, 'రీప్రాజెక్ట్ లేయర్' వేరు. మొదటిది డబ్బా మీద చీటీ మార్చడం లాంటిది, లోపలి సరుకు అదే ఉంటుంది. రెండోది ప్రతి బిందువుకూ లెక్కగట్టి కొత్త అంకెలతో కొత్త లేయరు ఇస్తుంది. నేను చీటీ మార్చాను కాబట్టి 33 డిగ్రీల రేఖాంశం, 10 డిగ్రీల అక్షాంశం అన్న బిందువును అది 33 మీటర్లు, 10 మీటర్లు అని చదువుకుంది. యూటీఎం భూమిని 6 డిగ్రీల చొప్పున 60 జోన్లు చేస్తుంది, ఒక్కో జోన్ మధ్యరేఖకు 5,00,000 మీటర్లు అని పేరు పెడుతుంది. కాబట్టి సున్నాకు దగ్గరి అంకెలున్న నా బావులన్నీ భూమధ్యరేఖ మీద, ఆ మధ్యరేఖకు 500 కిలోమీటర్లు పడమరగా, ఒకే చోట కుప్పపడ్డాయి. చీటీ తప్పుగా ఉన్నప్పుడో, అసలు లేనప్పుడో మాత్రమే మొదటిది వాడాలి. మిగతా అన్నిసార్లూ రెండోదే.

ఇది చదివితే ఎక్కదు, చేతులు కాల్చుకోవాలి. ఒక చిన్న బిందువుల లేయరు తీసుకుని డబ్ల్యూజీఎస్ 84లో (డిగ్రీల్లో చెప్పే అక్షాంశ రేఖాంశాలు), యూటీఎంలో, వెబ్ మెర్కేటర్‌లో (ఆన్‌లైన్ పటాలు వాడే ప్రొజెక్షన్) మూడు కాపీలు చేసి, ఒకే బిందువుకు మూడు చోట్ల ఏ అంకెలు వస్తున్నాయో రాసుకోండి. తర్వాత ఒక పాలిగాన్ (హద్దు గీసిన ప్రాంతం) వైశాల్యం వెబ్ మెర్కేటర్‌లో కొలవండి. 60వ అక్షాంశం దగ్గర ఆ ప్రొజెక్షన్‌లో పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. క్యూజీఐఎస్ ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో వైశాల్యానికి రెండు పద్ధతులున్నాయి, ఒకటి ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రటి ఆకారపు నమూనా) మీద లెక్క, ఇంకోటి చదును చేసిన పటం మీద లెక్క. రెండూ పెట్టి చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. ఎత్తుల రాస్టర్ (ఒక్కో గడిలో ఒక్కో ఎత్తు ఉండే గళ్ల పటం) మీద స్లోప్, అంటే వాలు, తీసినప్పుడు ఊరంతా 89 డిగ్రీల నిట్టనిలువు కొండలా వస్తే అదీ ఈ జబ్బే: ఎత్తు మీటర్లలో ఉంది, అడ్డం డిగ్రీల్లో ఉంది.

ఫైళ్ల సంగతి క్లాసులో ఎవరూ చెప్పరు, మార్కులు మాత్రం అక్కడే పోతాయి. సబ్మిషన్ ముందు రోజు రాత్రి నేను డాట్ ఎస్‌హెచ్‌పి ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. షేప్‌ఫైల్ (లేయర్లు దాచుకునే ఒక ఫార్మాట్) అంటే ఒక ఫైలు కాదు, కుటుంబం: ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ తోడు లేనిదే పనికిరాదు, పీఆర్‌జే లేకపోతే సీఆర్‌ఎస్ తెలియదు. కాలమ్ పేరు 10 అక్షరాలకే తెగిపోతుంది కాబట్టి ఇంగ్లిషులో 'పాపులేషన్' తర్వాత సంవత్సరం పెట్టుకున్న పేర్లన్నీ తోక తెగి ఏది ఏ సంవత్సరమో తెలియకుండా తయారవుతాయి. జియోప్యాకేజ్ అనే ఇంకో ఫార్మాట్ అయితే అంతా ఒకే ఫైల్లో ఉంటుంది, దానికి మారిపోండి. టేబుల్ జాయిన్ (కోడ్‌ను బట్టి ఒక పట్టికను లేయరుకు అతికించడం) కుదరకపోతే ముందు కోడ్ కాలమ్ చూడండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు 0123 కాస్తా 123 అయిపోయి ఉంటుంది.

ప్రాజెక్టుకు టూల్ ఎంచుకుని దానికి ప్రశ్న వెతకొద్దు. ప్రతి కోర్సూ 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా మీద, అది అక్కడి పంపు నీళ్ల వల్లే వ్యాపించిందని చూపడానికి, డాక్టర్ జాన్ స్నో వేసిన పటంతో మొదలవుతుంది, వినీవినీ విసుగు కూడా వస్తుంది. కానీ ఆయన్ని చూసి నేర్చుకోవాల్సింది చావుల్ని పటం మీద గుర్తుపెట్టడం కాదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. లెక్కకు పొసగని వాటి వెంట పడ్డాడాయన. పంపుకు దగ్గర్లోనే ఉన్న బ్రూవరీ పనివాళ్లు ఎందుకు చావలేదు? వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు కారు. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్నావిడ ఎందుకు చనిపోయింది? ఆ నీళ్లే తెప్పించుకుని తాగేది. మీ మ్యాప్‌లో ఒక వార్డు మిగతావాటికి భిన్నంగా కనబడితే రంగులు సర్దే ముందు దాని వెనక కథేమిటో చూడండి. నా రిపోర్టులో బాగున్న పేజీ అలాంటి కథ రాసిన ఆ ఒక్కటే.

ఆర్క్‌జీఐఎస్సా (లైసెన్సు కొనాల్సిన సాఫ్ట్‌వేర్), క్యూజీఐఎస్సా అన్న గొడవలో పడకండి. ల్యాబ్‌లో ఏది ఉంటే దాంట్లో మార్కులు తెచ్చుకోండి. యూనివర్సిటీ లైసెన్సు మీతో రాదు, కాబట్టి ఇంట్లో క్యూజీఐఎస్‌లో అదే పని మళ్లీ చేయండి. ప్రోగ్రామింగ్ రెండో సెమిస్టర్‌లో చూసుకోవచ్చు. నన్నడిగితే పైథాన్ కంటే ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) పట్టుకోండి, పటాల డేటాను దాచే డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లో నాలుగు లైన్ల క్వెరీతో అయ్యే పనికి నేను ఓ పూటంతా క్లిక్కులు కొట్టేవాణ్ణి. ఒకే పని యాభై ఫైళ్ల మీద చేయాల్సి వచ్చిన రోజున పైథాన్ మీరే వెతుక్కుంటారు.

ప్రస్తుతానికి మీ రెండు లేయర్ల ప్రాపర్టీస్ తెరిచి, సీఆర్‌ఎస్ ఏమని ఉందో, ఎక్స్‌టెంట్ (లేయరు నాలుగు వైపుల హద్దులు) కింద ఏ అంకెలున్నాయో రాసి పంపండి. సీఆర్‌ఎస్ యూటీఎం అని ఉండి ఎక్స్‌టెంట్‌లో రెండంకెల సంఖ్యలు కనబడితే, మీరూ చీటీయే మార్చారు.