అమెరికాలో వరదొస్తే రైతుకు ఊరికే డబ్బులిస్తారా?

"పొలంలో ఇసుక మేట వేస్తే అమెరికా ప్రభుత్వం లక్షలు ఊరికే ఇస్తుందట, మన దగ్గర ఎందుకివ్వరు?" అని అడిగారు. ఊరికే ఎక్కడా ఎవరూ ఇవ్వరండి.

2019 మార్చిలో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రాన్ని వరదలు ముంచినప్పుడు నేను అక్కడి ఒమాహా నగరంలోనే ఉన్నాను. గడ్డకట్టిన నేల మీద వాన, పైగా కరిగిన మంచు. నదుల మీది మంచు పలకలు విరిగి నీళ్ళతో పాటు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. మా ఆఫీసులో పక్క సీటతని తండ్రికి ప్లాట్ నది ఒడ్డున మొక్కజొన్న పొలం ఉంది. నీళ్ళు తీశాక ఓ శనివారం సాయం చేద్దామని వెళ్ళాం. మోకాలి లోతు ఇసుక, దాని మీద కారంత మంచు దిమ్మలు. స్తంభాల కొనలు చూసి కంచె ఎక్కడుందో పోల్చుకోవాలి. కొడుకు లోడర్ ఎక్కబోతే ముసలాయన కేకలేసి తాళం లాక్కున్నాడు. అర్జీ పెట్టి, కౌంటీ (మన జిల్లా లాంటిది) వ్యవసాయ ఆఫీసు వాళ్ళొచ్చి చూసేదాకా పార కూడా వేయొద్దన్నాడు. ముందే మొదలుపెడితే ఆ ఖర్చు రాకుండా పోవచ్చు మరి. మేం కాఫీ తాగి, ఆయన చూపించిన చోటల్లా ఫొటోలు తీసి వచ్చేశాం.

ఆయన అర్జీ పెట్టాలన్న ప్రభుత్వ పథకం పేరు ఎమర్జెన్సీ కన్సర్వేషన్ ప్రోగ్రాం. ఇసుక, చెత్త ఎత్తించడానికి, నేల చదును చేయించడానికి, కంచె మళ్ళీ వేసుకోవడానికి అయ్యే ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. కొత్తగా సేద్యంలోకి దిగినవాళ్ళకు 90 దాకా. మిగతాది రైతు జేబులోంచే, అదీ చాలావరకు పని చేయించి బిల్లులు చూపించాకే. పోయిన పంటకు ఇందులో పైసా రాదు. పైగా దీనికి ఏటా నికరంగా నిధులుండవు. ఆ ఏడాది జూన్‌లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) 55.8 కోట్ల డాలర్లు ప్రత్యేకంగా కేటాయించాల్సి వచ్చింది.

ఇక మన సంగతి. మన దగ్గరా రూలుంది, అది చాలామందికి తెలియదు. 3 అంగుళాలకు మించి మేట వేస్తే హెక్టారుకు 18,000 రూపాయలని 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో పెట్టారు. ఎకరాకు ఏడు వేల చిల్లర. జేసీబీ ఒక్క రోజు బాడుగకు సరిపోతే గొప్ప.

అదైనా ఎవరికి? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంకలో మా బాబాయి కౌలుకు చేస్తున్న అరటితోట పోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన ముందు అడిగింది పాస్ పుస్తకం. అదేమో హైదరాబాదులో ఉండే ఆసామిది. కౌలుదారుగా గుర్తించే కౌలు కార్డు కావాలంటే ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆయన సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందని భయం ఆయనకి. యజమాని హక్కుకి ఢోకా లేదని ఆ చట్టంలోనే ఉన్నా వినడు.

నెబ్రాస్కాలో కౌలుదారుడైనా సరే, ఖర్చు భరించేవాడు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీలు చూసే కౌంటీ కమిటీలో ఉండేదీ రైతులు ఎన్నుకున్న రైతులే. మన ఊళ్ళలో అలాంటిది పెడితే ఏ చేను ఎవరు దున్నుతున్నారో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. కులం, పార్టీ దూరతాయంటారా? ఇప్పుడు మాత్రం లేవా ఏంటి!

మీరు కౌలుకు చేస్తుంటే ఆ సంతకం శిస్తు మాట్లాడుకునే రోజే అడగండి. ఆసామి కుదరదంటే శిస్తు తగ్గించమనండి.