తలుపు పక్కన తెల్ల అక్షరాలు: పాత గూడ్సు పెట్టెల నమూనాలపై ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఆవిరి ఇంజన్ల కాలం నాటి గూడ్సు పెట్టెల గురించే వచ్చాయి. వేరే చెప్పనిచోట నమూనా కొలతలన్నీ హెచ్‌వో స్కేలువి, అంటే అసలు పెట్టెలో 87.1వ వంతు. ఇంకో మాట. అమెరికాలో ‘ట్రక్’ అనేదాన్ని మన రైల్వే వర్క్‌షాపుల్లో బోగీ అంటారు. అది పెట్టె కింద నాలుగు చక్రాలుండే చట్రం. ప్రయాణికుల డబ్బాని బోగీ అనడం మన వాడుక. ఇక్కడ మాత్రం బోగీ అంటే ఆ చట్రమే.

ప్రశ్న: 1945 నాటి యార్డు కడుతున్నాను. దుకాణాల్లో దొరికే ‘40 అడుగుల స్టీల్ బాక్స్‌కారు’ కిట్ కొని, దాని మీద నచ్చిన రైల్వే పేరు వేసుకుంటే సరిపోతుందా? – డాలస్ పాఠకుడు

సరిపోదండీ. బాక్స్‌కారంటే కప్పు, పక్క తలుపులు ఉన్న మూసిన గూడ్సు పెట్టె. 40 అడుగులన్నది పొడవు ఒక్కటే చెబుతుంది. అసలు తేడా ఎత్తులో ఉంది. అమెరికా రైల్వేల సంఘం 1932 ప్రమాణం ప్రకారం కట్టిన బాక్స్‌కారు లోపలి ఎత్తు 9 అడుగుల 4 అంగుళాలు. 1937 ప్రమాణానికి అది 10 అడుగులైంది. ఆ తర్వాత 10 అడుగుల 6 అంగుళాల పెట్టెలు వచ్చాయి. పెన్సిల్వేనియా రైల్వే 1920లలో వేలకొద్దీ కట్టిన ఎక్స్29 రకం బాక్స్‌కారు వీటన్నిటికంటే పొట్టిది. 8 అంగుళాల తేడా స్కేలులో 2.3 మిల్లీమీటర్లవుతుంది. కాగితం మీద చిన్నదే గానీ, రెండు పెట్టెలు జోడించి బల్ల ఎత్తులో కళ్లు పెట్టి చూడండి, కప్పుల వరస ఎక్కడ తెగిందో వెంటనే తెలుస్తుంది. 1945 నాటి నిజమైన గూడ్సు బండి అందం ఆ ఎగుడుదిగుడు వరసలోనే ఉంది. అన్నీ ఒకే ఎత్తున్న బండి ఆ కాలానిది కాదు.

కొనేముందు చేయాల్సింది ఇదీ. ముందు తేదీ ఖాయం చేసుకోండి, ఏడాది కాదు, నెలతో సహా. తర్వాత ఒక రైల్వేని, అందులో ఒక నంబర్ల వరసని ఎంచుకోండి. ఆ తేదీకి దగ్గర్లో వెలువడిన ‘అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్’ సంచిక తెరవండి. ఉత్తర అమెరికా పట్టాల మీద ఒక రైల్వే నుంచి ఇంకో రైల్వేకి తిరిగే పెట్టెలన్నిటి పట్టిక అది. ప్రతి నంబర్ల వరసకీ లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు వెడల్పు, మోయగల బరువు, ఆ రోజుకి మిగిలిన పెట్టెల సంఖ్య అందులో ఉంటాయి. కిట్ డబ్బా మీది నంబరు ఆ వరసలో లేకపోయినా, ఎత్తు కలవకపోయినా ఆ కిట్ పక్కన పెట్టేయండి. వరసలో మిగిలినవి పదిలోపే అయితే అలాంటి పెట్టె మీ యార్డులో ఒకటుంటే చాలు.

రిజిస్టరు చెప్పనిది ఫోటో చెబుతుంది. పెట్టె చివరి గోడ మీద అడ్డంగా ఉబ్బిన గట్లను పై రేకులో ఎన్ని, కింది రేకులో ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టండి. మోడలర్లు దాన్ని 4/5, 5/5 అని రాసుకుంటారు. ఆపైన కప్పు రకం, తలుపు రేకు రకం, పక్కగోడ అడుగు అంచు ఆకారం చూడండి. ప్రమాణం ఒకటే అయినా ఈ నాలుగూ ఏ రైల్వే ఇష్టం దానిది. కిట్లు తయారుచేసేవాళ్లు ఒకే అచ్చుకి ఇరవై రైల్వేల పేర్లు వేసి అమ్ముతారు, వాటిలో నిజంగా సరిపోయేవి నాలుగైదే ఉండొచ్చు. అందుకే అక్షరాలు వేయని కిట్ కొనుక్కోమని మా సలహా.

బాక్స్‌కార్లు దేశమంతా తిరిగేవి. మీది టెక్సస్ యార్డే అయినా పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ పెట్టెలు తప్పక ఉండాలి. బొగ్గు హాపర్లు (అడుగు తలుపుల్లోంచి సరుకు జారవిడిచే పెట్టెలు) అలా కాదు, అవి చాలామటుకు గనికీ గమ్యానికీ మధ్యే తిరిగేవి.

ప్రశ్న: పెట్టె పక్కన ‘క్యాపీ’, ‘ఎల్‌డీ ఎల్‌ఎంటీ’, ‘ఎల్‌టీ డబ్ల్యూటీ’ అని మూడు వరసల అంకెలుంటాయి. డెకాల్ (నమూనా మీద తడిపి అతికించే అక్షరాల పొర) షీటులో రకరకాల అంకెలిచ్చారు. ఏవి వేయాలి? – న్యూజెర్సీ పాఠకురాలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో మాకు బాగా నచ్చింది ఇదే. క్యాపీ అంటే నామమాత్రపు సామర్థ్యం. ఎల్‌టీ డబ్ల్యూటీ అంటే ఖాళీ పెట్టె బరువు. ఎల్‌డీ ఎల్‌ఎంటీ అంటే ఎక్కించగల గరిష్ఠ సరుకు. అన్నీ పౌన్లలోనే. చివరి రెండూ కూడితే ఇరుసులు మోయగల మొత్తం బరువు రావాలి. ఆ కాలంలో 50 టన్నుల పెట్టెకి అది 1,69,000 పౌన్లు, 40 టన్నుల పెట్టెకి 1,36,000, 70 టన్నులదానికి 2,10,000.

ఒక 50 టన్నుల బాక్స్‌కారు తీసుకుందాం. ఖాళీ బరువు 45,300 అయితే సరుకు పరిమితి 1,23,700 ఉండాలి. రెండూ కలిపితే సరిగ్గా 1,69,000. డెకాల్ షీటులోంచి కంటికి బాగున్న అంకెలు ఏరి వేస్తే ఈ కూడిక తప్పుతుంది. పాత ఫోటోలో ఒక వరస మసగ్గా ఉన్నా ఇదే లెక్క పనికొస్తుంది, రెండోదాన్ని తీసివేతతో పట్టుకోవచ్చు.

ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఒక తేదీ ఉంటుంది. కొత్త పెట్టెకి ‘న్యూ’ అని, కట్టిన నెల, ఏడాది వేసేవారు. చెక్క నేల తడిసి ఆరుతుంది, మరమ్మతుల్లో భాగాలు మారతాయి, దాంతో ఖాళీ బరువు నిలకడగా ఉండదు. కొన్నేళ్లకోసారి మళ్లీ తూచి, పాత అంకెల మీద రంగు పూసి, కొత్త బరువు, తూచిన చోటు సంకేతం, కొత్త తేదీ రాసేవారు. అదే పెట్టె మళ్లీ తూస్తే 45,900 వచ్చిందనుకోండి, పరిమితి 1,23,100కి తగ్గుతుంది. క్యాపీ మాత్రం మారదు. కాబట్టి 1937లో కట్టిన పెట్టె 1945 యార్డులో ‘న్యూ 5-37’ అని నిలబడితే అది తప్పు. కట్టిన తేదీ తెలిపే ‘బీఎల్‌టీ 5-37’ మాత్రం కుడివైపు అలాగే ఉండొచ్చు.

దీన్ని నమూనాలో చూపించడం తేలిక. పెట్టె అంతటికీ వెలిసిన రంగు వేశాక, బరువు అంకెలున్నచోట మాస్కింగ్ టేపుతో చిన్న దీర్ఘచతురస్రం వదిలి, వెలవని అసలు రంగు పూయండి. అంకెల డెకాల్ దాని మీద వేయండి. దుమ్ము, మసి పూసేటప్పుడు ఆ ముక్కని వదిలేయండి. మురికి పెట్టె మీద శుభ్రమైన ఆ చిన్న మచ్చ చూస్తే, ఈ మధ్యే తూచారని తెలిసినవాళ్లకి ఇట్టే తెలుస్తుంది.

ప్రశ్న: ఇక్కణ్నుంచి పాత ఫోటోలు ఎలా సంపాదించాలి? ఫోటోలోంచి కొలతలు తీయొచ్చా? – హైదరాబాద్ పాఠకుడు

మొదట లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చూడండి. జాక్ డెలానో ప్రభుత్వం తరఫున 1942 చివరిలో షికాగో చుట్టుపక్కల యార్డుల్లో, 1943 మార్చిలో శాంటా ఫే రైల్వే వెంట కాలిఫోర్నియా దాకా తీసిన ఫోటోలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. రంగు ఫోటోలూ ఉన్నాయి. చిన్న బొమ్మ కాకుండా పెద్ద టిఫ్ ఫైలు దించుకోండి. ప్రోవిసో యార్డు దృశ్యాల్లో వరసల కొద్దీ పెట్టెలు పైనుంచి కనిపిస్తాయి. కప్పుల రకాలు తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఆధారం అరుదు. ఏ రైల్వేకి ఆ రైల్వే చరిత్ర సంఘాలున్నాయి, డ్రాయింగుల కోసం వాళ్లని అడగండి. అడిగేటప్పుడు ‘బాక్స్‌కారు డ్రాయింగు కావాలి’ అనకుండా నంబర్ల వరస రాయండి, జవాబు త్వరగా వస్తుంది.

కొలతలు తీయొచ్చు, కానీ పక్కనుంచి తిన్నగా తీసిన ఫోటో అయితేనే. మామూలు 50 టన్నుల బోగీలో ఎక్కువగా కనిపించే ఇరుసుల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 66 అంగుళాలు. ఫోటోలో అది 220 పిక్సెళ్లు వస్తే అంగుళానికి 3.33 పిక్సెళ్లు. తలుపు 240 పిక్సెళ్లుంటే 72 అంగుళాలు, 6 అడుగుల తలుపన్నమాట. ఇక్కడో మెలిక ఉంది. బోగీ చట్రం పెట్టె పక్కగోడ కంటే కాస్త లోపలికి ఉంటుంది. దగ్గర నిలబడి తీసిన ఫోటోలో గోడ కెమెరాకి చేరువై పెద్దగా పడుతుంది, దాంతో బోగీతో కొలిచిన పెట్టె కొలతలన్నీ ఉన్నవాటికంటే ఎక్కువొస్తాయి. అలాంటప్పుడు బోగీని వదిలేసి, రిజిస్టరులో ఇచ్చిన తలుపు వెడల్పునే కొలబద్దగా తీసుకోండి. అది గోడ తలంలోనే ఉంది కాబట్టి తేడా రాదు.

ప్రశ్న: రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థం) కిట్ మొదటిసారి కడుతున్నాను. డ్రిల్ బిట్లు విరిగిపోతున్నాయి, పక్కగోడ వంకరగా ఉంది, డెకాల్ కింద వెండిలా మెరుస్తోంది. – విజయవాడ పాఠకుడు

గోడతో మొదలుపెడదాం. భాగాలన్నీ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. అచ్చునుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలితే జిగురూ పట్టదు, రంగూ పట్టదు. వంకర గోడని బాగా వేడిగా ఉన్న నీళ్లలో, మరిగేవాటిలో కాదు, అర నిమిషం ఉంచి, రెండు గాజు పలకల మధ్య నొక్కి చల్లారనివ్వండి. అంచులు సాపు చేయడానికి గాజు మీద 220 నంబరు గరుకు కాగితం పరిచి, తడిపి రుద్దండి. రెజిన్ పొడి పొడిగా లేస్తే ఊపిరితిత్తులకి హాని, మాస్కు తప్పనిసరి. ప్లాస్టిక్ కిట్ల సిమెంటు రెజిన్‌ని అతికించదు, సూపర్ గ్లూ వాడాలి.

చేతిపిడులకి 0.3 మి.మీ. తీగ, 0.35 మి.మీ. బిట్ సరిపోతాయి. బిట్ విరిగేది పక్కకి వంగినప్పుడు, లేదా పొట్టు గాడిలో ఇరుక్కున్నప్పుడు. ముందు సూదిమొనతో చిన్న గుంట చేయండి. బిట్‌ని పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) లోంచి 4–5 మి.మీ. మించి బయటికి రానివ్వకండి. రెండు మూడు తిప్పులకోసారి వెనక్కి లాగి పొట్టు దులపండి. పిన్ వైస్ గడియారాల రిపేరు సామాన్లమ్మే చోట దొరుకుతుంది. తీగ దొరక్కపోతే గిటారుకి వేసే 12 నంబరు సన్న తీగ సరిగ్గా 0.3 మి.మీ. ఉంటుంది. అది గట్టి స్టీలు, మంచి కట్టరు అంచు పోతుంది, పాతది వాడండి. 18 అంగుళాల చేతిపిడి స్కేలులో 5.25 మి.మీ. గోడకీ పిడికీ మధ్య అసలులో కనీసం 2 అంగుళాల సందుండాలి. అంటే 0.6 మి.మీ. అంత మందం ప్లాస్టిక్ పట్టీ కింద పెట్టి, తీగని దానిమీద ఆనించి, లోపలివైపు నుంచి గ్లూ చుక్క వేస్తే అన్నీ ఒకే ఎత్తులో నిలుస్తాయి.

వెండి మెరుపు అంటే డెకాల్ కింద చిక్కిన గాలి. గరుకైన మాట్ (మెరుపు లేని) రంగు మీద నేరుగా వేస్తే ఆ సన్నటి గుంటల్లో గాలి ఉండిపోతుంది. ముందు నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ వేసి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు డెకాల్ పెట్టి, మెత్తబరిచే ద్రావణం పూయండి. ఆరాక మెరుపు మిగిలినచోట కొత్త బ్లేడుతో రివెట్ల వరస వెంట సన్నగా గాటు పెట్టి మళ్లీ ద్రావణం పూయండి. అంతా అయ్యాకే మాట్ వార్నిష్.

ప్రశ్న: 1920లలో కట్టిన పెట్టెని 1945లో చూపిస్తున్నాను. కింద బ్రేకు సామాను ఏది పెట్టాలి? – షార్లెట్ పాఠకుడు

రెండు రకాలూ చెల్లుతాయి. కొత్త పెట్టెలకి 1933 నుంచి ఏబీ బ్రేకు వచ్చింది. అందులో సిలిండరు, రెండు గదుల గాలి తొట్టి, వాల్వు మూడూ విడివిడిగా వేలాడతాయి. పాత కే బ్రేకులో ఎక్కువగా సిలిండరూ తొట్టీ ఒకే ముద్దగా ఉంటాయి. అది 1950ల మొదటి దాకా పాత పెట్టెల కింద నడిచింది. మీ నంబరు ఫోటో దొరికితే అదే ప్రమాణం. ఇనుప పట్టీలు బోల్టులతో బిగించిన ఆర్చ్‌బార్ బోగీలు మాత్రం వేరే రైల్వేల పెట్టెలకి పెట్టకండి. 1945 నాటికి వాటిని ఇతర రైల్వేల మీదికి రానిచ్చేవారు కాదు.

ప్రశ్న: పెట్టెలు మలుపుల్లో పట్టాలు తప్పుతున్నాయి. – ఫ్రిమాంట్ పాఠకురాలు

బరువు చూడండి. అమెరికా మోడలర్ల జాతీయ సంఘం సూచన ప్రకారం 1 ఔన్సు, దానిపైన పెట్టె పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. 40 అడుగుల పెట్టె నమూనా పొడవు 5.5 అంగుళాలు, అంటే 3.75 ఔన్సులు, 106 గ్రాములు. సీసం వాడితే తెల్ల ఫెవికాల్ లాంటి జిగురుతో అతికించకండి. కాలం గడిచేకొద్దీ సీసం దానితో కలిసి ఉబ్బి, గోడలు పగలగొడుతుంది. ఎపాక్సీ వాడండి.

ప్రశ్న: మా ఊరి మీదుగా బొగ్గుతో వెళ్లే బాక్స్‌ఎన్ వ్యాగన్‌కి ఇదే పద్ధతి పనికొస్తుందా? – కాజీపేట పాఠకుడు

అక్షరాలా పనికొస్తుంది. మొదటి డిజైను ప్రకారం ఖాళీ బరువు 22.47 టన్నులు, సరుకు 58.81 టన్నులు, కలిపితే 81.28. ఇరుసుకి 20.32 చొప్పున నాలుగు ఇరుసులకీ అంతే. కప్లర్లతో కలిపి పొడవు 10,713 మి.మీ., స్కేలులో 123 మి.మీ. అయితే అమెరికన్ బోగీ కింద పెట్టి సరిపెట్టుకోకండి. మన క్యాస్నబ్ బోగీ ఇరుసుల దూరం 2,000 మి.మీ., స్కేలులో 23. అమెరికన్‌ది 19.2 మాత్రమే. చక్రం మనది 1,000 మి.మీ., స్కేలులో 11.5, వాళ్ల 33 అంగుళాలది 9.6. వాటి మీద పెడితే వ్యాగన్ కుంగినట్టు కనిపిస్తుంది. ఫోటోలు ప్లాట్‌ఫాం మీంచే తీసుకోండి, పట్టాల మీదికి దిగొద్దు. బరువు అంకెలు పక్కగోడ మీదే ఉంటాయి, కాస్త జూమ్ చేస్తే చదవొచ్చు.