హాస్య రచయిత పుస్తకాల్లోంచి ముక్కలు ఏరి సంకలనం వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు గానీ, "ఇక్కడ నవ్వే నవ్వు" అని మీరు పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్న పేజీలు ముందు పక్కన పెట్టండి. మేం ఇక్కడ హైదరాబాద్‌లో ఓ చిన్న సాహిత్య సంస్థకి ఇలాంటి పుస్తకమే చేశాం, ఏరినవాళ్ళందరం యాభై దాటినోళ్ళం, ఒక్క లైను చదివితే చాలు వెనకాల కథంతా గుర్తొచ్చి పగలబడి నవ్వేస్తాం, మరి కొత్తగా చదివేవాడికి ఆ వెనకాలది ఏదీ లేదు కదా.

గురజాడ నాటకం కన్యాశుల్కంలో "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" తీసుకోండి. 1909 నాటి రెండో కూర్పులో అది చిట్టచివరి మాట. ఏడంకాల పొడుగునా గిరీశం కనబడ్డవాడికల్లా టోపీ వేస్తూ వచ్చి, మధురవాణి పుణ్యమా అని వకీలు సౌజన్యారావు పంతులు ముందు బండారం బయటపడి, గిరీశం పెళ్ళాడాలనుకున్న వితంతువు బుచ్చమ్మని పూనా విడోస్ హోమ్‌కి పంపిస్తానని ఆయన తేల్చేశాక అనే మాట. మేం ఆఖరి పేజీలే ఇచ్చాం. కంపోజ్ చేస్తున్న డీటీపీ కుర్రాడు "ఇది ఏ సినిమా డైలాగ్ అంకుల్?" అన్నాడు.

మొక్కపాటి నవల బారిస్టర్ పార్వతీశంతో ఇంకో తంటా. కథ చెప్పేది పార్వతీశమే, తనంత తెలివైనవాడు లేడన్నట్టు చెప్తాడు, ఆ గొంతు మనకి అలవాటవ్వాలంటే మొగల్తూరు నుంచి మద్రాసు దాకా అతనితో ప్రయాణం చెయ్యాల్సిందే. మాలో ఒకాయన పేజీలు చాలట్లేదని ఆ ప్రయాణం ఎత్తేసి "అమాయకుడైన పార్వతీశం..." అంటూ నాలుగు లైన్ల పరిచయం రాశారు! అమాయకుడని మీరే చెప్పేస్తే ఇంక చదివేవాడు కనిపెట్టడానికి ఏం మిగిలింది?

మునిమాణిక్యం కాంతం కథలూ అంతే, ఒక్కటే వేస్తే పెళ్ళాం మీద జోకులా ఉంటుంది, వరసగా చదివితే గానీ ఎక్కువసార్లు ఓడేది మొగుడేనని తెలీదు.

ఒళ్ళు మండింది మాత్రం ముళ్ళపూడి బుడుగు ప్రూఫులు చూసినప్పుడు. చిన్నపిల్లాడు బుడుగు తన ముద్దుమాటల్లో పలికే సీగాన పెసూనాంబ పేరుని మా ప్రూఫ్ రీడర్ ఎంతో శ్రద్ధగా "ప్రసూనాంబ" అని దిద్దిపెట్టాడు, పైగా బాపు బొమ్మలు కూడా లేవు. అలా వేసేకంటే మానేయడమే మేలని తీసేయించాను.

నన్నడిగితే ముక్కలొద్దు, నాలుగే అయినా పూర్తి కథలు వెయ్యండి, నవలైతే మొదటి అధ్యాయం నుంచి ఎంత పడితే అంత. ఆ పుస్తకాలు చదవని పాతికేళ్ళ వాళ్ళెవరికైనా ముందు ఇచ్చి చూడండి, పరిచయం గిరిచయం చెప్పకుండా.

కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ళు ఉంటుంది. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ఇబ్బంది లేదు, ముళ్ళపూడి 2011లో పోయారు, వారసుల పర్మిషన్ కావాల్సిందే. కాగితం మీద తీసుకోండి, ఫోన్లో సరే అన్నారని ప్రెస్‌కి పంపెయ్యకండి.