పల్లె సంఘానికి పాస్టరుగా వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

అత్త ప్రభువు నామంలో వందనాలతో, ఆశీస్సులతో రాస్తున్నది. నిన్ను కనిగిరి అవతల పల్లెకు పాస్టరుగా వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. వాక్యం ఎలా చెప్పాలో సెమినరీలో నేర్చుకున్నావు, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. "అత్తా, అక్కడ అంతా పేదవాళ్లే. చర్చి తరఫున ఏం చేయమంటావు?" అని అడిగావు చూడు, దానికే ఈ ఉత్తరం. మిషన్ స్కూల్లో పిల్లలకు చదువు చెప్పుకుంటూ, సంఘంలో స్త్రీల సమాజం పని చూసుకుంటూ బతికినదాన్ని. నాకు తెలిసింది చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్తా. నువ్వు చేసే సాయాన్ని ఆరాధనకు ముడిపెట్టొద్దు.

ఈ మాట నా సొంతం కాదు, మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. అమెరికాలో సర్వే పని నేర్చుకున్న మనిషి కాబట్టి తీసుకోగలిగారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చారు, మన బోధకులే దగ్గరుండి పని చేయించారు. అప్పుడు బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగారు. సాయం అందుతున్నంత కాలం ఆయన ఒప్పుకోలేదు. అన్నం కోసం వచ్చారో, నమ్మి వచ్చారో అప్పుడు తేల్చడం ఎవరి వల్లా కాదు కదా. ఇక సాయం లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. అప్పుడే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకె మనవాళ్లందరికీ నోటికి వచ్చు. అంతకుముందు ఏడాదికి పైగా ఆయన ఎందుకు ఆగారో చెప్పేవాళ్లే తక్కువ. నువ్వు మీ సంఘంలో అది చెప్పు.

కాబట్టి బియ్యమో దుప్పట్లో పంచే రోజు వస్తే, ఆరాధనకు వచ్చేవాళ్లకొకటి, రానివాళ్లకొకటి అని రెండు లిస్టులు రాయొద్దు. అవసరాన్ని బట్టి ఒకటే లిస్టు ఉండాలి. దాన్ని నువ్వొక్కడివే కూర్చుని రాయకుండా అంగన్‌వాడీ టీచరునూ ఆశా కార్యకర్తనూ పిలిచి వాళ్లతో కలిసి రాయి. మగదిక్కు లేని ఇళ్లు, మంచాన పడ్డ ముసలివాళ్లు, ఊరి చివర గుడిసెల్లో ఉండే యానాదులు ముందు రావాలి. పంచేచోట ప్రసంగం పెట్టొద్దు, పాట కూడా వద్దు. "ఇదేంటి, సువార్త చెప్పకుండా పంపిస్తామా?" అని సంఘపెద్దలు కొందరు గొడవ చేస్తారు. చేయనీ. ఆదివారం ఉంది కదా, తలుపులు తెరిచే ఉంటాయి. మతం మార్చడానికే ఇదంతా అని ఊళ్లో అనేవాళ్లకు నువ్వు నోటితో ఎంత చెప్పినా నమ్మరు. చర్చి గడప తొక్కని ఇంటికి కూడా అదే బియ్యం అదే కొలతతో వెళ్తే వాళ్లే చూస్తారు.

రెండో సంగతి. అన్నీ నెత్తిన వేసుకోకు. ఆ రోజు గుండ్లకమ్మ నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులే, వంతులవారీగా. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య గారు పల్లె పల్లె తిరిగి చెప్పకపోతే ఒంగోలు మిషన్ అంత పెద్దదయ్యేది కాదు. పాస్టర్లు ట్రాన్స్‌ఫర్ మీద పోతుంటారు, పల్లె వాళ్లు అక్కడే ఉంటారు. ఏ పని మొదలుపెట్టినా, నువ్వు లేనినాడు దాన్ని నడిపేది ఎవరో ముందు చూసుకో. నా అనుభవంలో ఆ మనిషి ఎక్కువగా ఆడమనిషే అవుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక పోరాటం ఎక్కడ మొదలైందనుకున్నావు? రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ల మధ్యే. వాళ్ల పట్టుదల వల్లే 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించారు. నీ చర్చిలో లైటూ ఫ్యానూ ఉన్నాయి, వారంలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటుంది. సాయంత్రం పూట తెరిచి పెట్టు. ఆ వైపు తల్లిదండ్రులు హైదరాబాద్, బెంగళూరు పనులకు పోయి పిల్లల్ని అవ్వల దగ్గర వదిలేస్తారు. వాళ్లకు ట్యూషన్ చెప్పించు. ఇంటర్ చదివిన ఆడపిల్ల ఏ పల్లెలోనైనా ఒకరుంటారు, సంఘం నుంచి ఆ అమ్మాయికి నెలనెలా ఎంతో కొంత ఇవ్వండి. ఊరికే చెప్పించుకోవద్దు.

నీళ్ల సంగతి నీకు తెలిసిందే, కనిగిరి వైపు ఫ్లోరైడ్. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎవరో దాత ఆర్.ఓ. ప్లాంట్ పెట్టిస్తానని వస్తే సంతోషమే, కానీ రిబ్బన్ కత్తిరించే ముందే అడుగు: కరెంటు బిల్లు ఎవరు కడతారు? నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పాడైతే మార్చే డబ్బు ఎక్కడిది? వదిలేసే ఉప్పునీరు ఏ గుంటలోకి పోతుంది? ఈ మూడింటికి జవాబు లేని ప్లాంట్లు తుప్పు పట్టి ఉన్నాయి, దాత పేరున్న బోర్డు మాత్రం మెరుస్తుంటుంది. బిందెకు ఇంతని పెట్టి, ఆ లెక్క పల్లె ఆడవాళ్ల చేతికే ఇవ్వు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను, అబ్బయ్యా. ప్రార్థన చేశాం కదా అని ఎవరినీ మందులు మానమని చెప్పొద్దు. క్షయకు ఆరు నెలలు బిళ్లలు మింగాలి, అవి సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మధ్యలో మానేస్తే మొండి క్షయ అవుతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. నువ్వు వెళ్లి ప్రార్థన చెయ్యి, చేశాక ఆ పూట బిళ్ల వేసుకున్నారా అని అడుగు. క్లౌ దొరగారి పేరు మీద ఒంగోలులో ఆసుపత్రి కట్టారు మన మిషన్ వాళ్లు. ప్రార్థనా మందూ ఒకదానికొకటి అడ్డమైతే వాళ్లు అది కట్టేవాళ్లా?

డబ్బు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన విదేశీ సహోదరుడు నీ సొంత అకౌంటుకు పంపిస్తానంటే వద్దను. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ.) కింద రిజిస్ట్రేషన్ లేకుండా అలా తీసుకోవడం నేరం. 2020లో చట్టం ఇంకా బిగించారు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ఇంకో సంస్థకు మళ్లించకూడదు. ఆ టెన్షన్ నీకెందుకు? మన ఆడవాళ్లు వంటకు బియ్యం పోసేటప్పుడు గుప్పెడు తీసి పక్కన పెడతారు కదా, ఆ గుప్పెడు బియ్యంతో మొదలుపెట్టు. వచ్చింది కొంచెమే అయినా అది వాళ్లది, కాబట్టి లెక్క అడుగుతారు. నెలకొకసారి ఆరాధన అయ్యాక జమా ఖర్చు పైకి చదివించు. బ్యాంకులో నీ ఒక్కడి సంతకం మీద డబ్బు రాకూడదు.

ఫొటోల మాట కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సి అనే గ్రూపులో పెట్టారు, దాని కింద ఒక్క శాతం రిజర్వేషనే. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. అది మారేదాకా మాత్రం ఆ పిల్లల చదువులు, ఉద్యోగాలు కుల ధ్రువపత్రం అనే ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. చర్చి ఫొటోలో కనిపించారని ఎవరైనా దాని మీద గొడవ పెట్టొచ్చు. చట్టం ఏం చెబుతుందో అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పు, అబద్ధం ఆడమని ఎవరికీ చెప్పొద్దు. కానీ సాయం తీసుకున్నవాళ్ల ముఖాలూ పేర్లూ ఫోన్‌లో పెట్టి ఊరంతా తిప్పొద్దు. చేయి చాచిన మనిషి ఫొటో తీయడమే నాకు నచ్చదు.

వెళ్లిన కొత్తలో ఏమీ మొదలుపెట్టకు. ఇల్లిల్లూ తిరుగు, చర్చికి రాని ఇళ్లతో సహా. సర్పంచ్‌నూ బడి హెడ్‌మాస్టారునూ కలువు. రామాలయం పూజారి గారు ఎదురైతే నువ్వే ముందు నమస్కారం పెట్టు. క్రిస్మస్‌కు ముందు ఒంగోలు వస్తావు కదా, సంఘం లెక్కల పుస్తకం వెంట తీసుకురా, జమా ఖర్చు ఎలా రాయాలో కూర్చుని చూపిస్తాను. కోడలికి, పాపకు నా ముద్దులు చెప్పు.

ఇట్లు,
మీ అత్త